క్లచ్చి తొక్కే కాలు

ఫిబ్రవరి 6

పిట్టకి,

నీ ఉత్తరం వచ్చి నెల దాటింది. జవాబు రాయలేదని అలిగి ఉంటావు. అలగడం నీ హక్కు, ఆలస్యం చెయ్యడం నా హక్కు. వదినా మరదళ్ళం ఇరవై రెండేళ్ళుగా ఇలాగే నెట్టుకొస్తున్నాం, ఇప్పుడు కొత్తగా మారేదేముంది.

కళ్ళజోళ్ళ దుకాణంలో నా స్టూలూ మారలేదు, కిటికీలోంచి కనిపించే గోడా మారలేదు. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఆవగింజంత మరలు బిగించడం, ఇంటికొచ్చి వంట చెయ్యడం. మీ అన్నయ్య బస్సూ అదే, రూటూ అదే, స్పీడూ అదే. డిపోలో అందరూ ఆయన్ని "నిదానం గారు" అని పిలుస్తారని నీకు తెలుసు కదా. కొత్తగా వచ్చిన మేనేజరు అదే అసలు పేరనుకుని డ్యూటీ చార్టులో ఎక్కించాడట. ఈయన దిద్దించుకోనూ లేదు.

ఇక అసలు సంగతి. ఆయన ఎడమ మడమ కింద ఒక నల్ల మచ్చ ఉంది. ఎప్పటి నుంచో ఉందట. బూటు కరిచిందని ఒకసారి, క్లచ్చి తొక్కి తొక్కి రక్తం గడ్డకట్టిందని ఒకసారి చెప్పేవారు. ఈమధ్య అది పగిలి మేజోడుకి రక్తం అంటుతోంది. ఉతికేటప్పుడు నేను చూశాను. చర్మం డాక్టరమ్మ ఒకావిడ కళ్ళజోడు సరిచేయించుకోవడానికి మా దుకాణానికి వస్తుంది. మాటల్లో ఈ సంగతి చెప్తే, చేతిలో జోడు పక్కన పెట్టేసి "రేపే తీసుకురండి" అంది. తీసుకెళ్ళాను. భూతద్దంతో చూసి, చిన్న ముక్క కోసి పరీక్షకి పంపింది. పది రోజులు పడుతుందట.

"ఇన్నాళ్ళూ నాకే పరీక్షలనుకున్నాను, ఇప్పుడు మడమకి కూడానా" అని ఆయన నవ్వుతున్నారు.

కంగారు పడకు. చెప్పకపోతే తర్వాత తగువు పెట్టుకుంటావని చెప్తున్నానంతే.

నీ వదిన


ఫిబ్రవరి 18

వదినా,

జీపు వారానికి రెండుసార్లు కొండెక్కాలి. గాలివాన వల్ల ఈసారి ఒక్కసారే వచ్చింది, నీ ఉత్తరం నిన్న అందింది. ఇక్కడ నా బతుకు నీకు తెలిసిందే. మూడు గంటలకొకసారి గాలి ఎటు నుంచి, ఎంత వేగం, వేడి ఎంత, వాన ఎంత అని రిజిస్టరులో రాయడం, వైర్‌లెస్‌లో కిందికి చెప్పడం. వైర్‌లెస్‌లో అంకెలు తప్ప ఇంటి మాటలు మాట్లాడనివ్వరు. ఫోను తీగ ఇంకా సగం కొండలోనే ఆగి ఉంది.

ఆ మచ్చ నేను చూశాను వదినా. రెండేళ్ళ కిందట అన్నయ్య ఇక్కడికి వచ్చినప్పుడు గట్టు మీద కూర్చుని కాళ్ళు కడుక్కుంటున్నాడు. అప్పుడు కందిగింజంత ఉంది. తారు అంటుకుందనుకుని కిరసనాయిలు గుడ్డ ఇచ్చాను. పాపం, నిజంగానే రుద్దుకున్నాడు. పోలేదు. ఇద్దరం నవ్వుకున్నాం.

చర్మం మీది మచ్చే కదా, కోసి పారేస్తే పోతుంది. మా వంటమనిషి మెడ మీద ఇంకా పెద్దది ఉంది, చిన్నప్పటి నుంచీ మోస్తున్నాడు. అయినా నాకొకటి అర్థం కాలేదు. నువ్వు రోజూ అదే ఇంట్లో ఉంటావు, ఆ కాలు నీ కంట పడలేదా? కళ్ళజోళ్ళ దుకాణంలో పనిచేసే మనిషికి మొగుడి కాలి మీద మచ్చ కనిపించలేదంటే నవ్వొచ్చింది.

ఫలితం రాగానే రాయి.

పిట్ట


మార్చి 9

ఆడపడుచు గారికి,

నవ్వొచ్చినందుకు సంతోషం. ఇక్కడ ఎవరికీ రావడం లేదు, అక్కడైనా ఉందన్నమాట.

పెళ్ళాలు మొగుడి అరికాళ్ళు చూస్తూ కూర్చోరు తల్లీ. ఆయన పొద్దున్నే మేజోళ్ళు తొడుక్కుని వెళ్తారు, డ్యూటీ దిగాక వచ్చి దుప్పటి కప్పుకుని పడుకుంటారు. నేను చూసేది ముఖం. ఆ మచ్చ ముఖం మీద వచ్చి ఉంటే నీకన్నా ముందే చూసేదాన్ని. నువ్వు చూసిననాడు కిరసనాయిలు ఇచ్చే బదులు నాకొక కార్డు ముక్క రాసి ఉంటే బాగుండేది.

అది చర్మం కాన్సరు. మెలనోమా అంటారట. ఎండ తగలని చోట, అరికాళ్ళలో, గోళ్ళ కింద కూడా వస్తుందట. మన ఒంటి రంగువాళ్ళకి వస్తే ఎక్కువగా అక్కడే వస్తుందట. అందుకే అందరూ దెబ్బ అనుకుంటారని చెప్పారు. చుట్టూ మంచి చర్మం కూడా కలిపి కోసేశారు. తొడ మీది చర్మం తీసి మడమకి అతికారు. గజ్జల్లో బిళ్ళ తీసి చూస్తే అందులో కూడా కొంచెం ఉంది. కొంచెం అంటే ఎంత అని అడిగాను. సూది మొనంత అన్నాడు ఆపరేషన్ చేసిన డాక్టరు. అక్కడి బిళ్ళలన్నీ తీసేశారు. సూది మొనలతో బతికేదాన్ని, నాకు తెలుసు అది ఎంతో.

"క్లచ్చి ఎప్పుడు తొక్కచ్చు సార్?" అని ఈయన అడిగారు.

"ముందు నేల తొక్కండి" అన్నాడు ఆయన.

ఇంటికి వచ్చి నాలుగు రోజులైంది. కాలు దిండు మీద పెట్టి పడుకున్నారు. మూడు నెలలకోసారి వచ్చి చూపించుకోమన్నారు. నువ్వు రావాలని ఇదంతా రాయడం లేదు. నీ గాలీ నీ వానా నీకున్నాయి.

ఇట్లు
మీ వదిన


మార్చి 21

వదినా, వదినా,

ఎన్నిసార్లు తిట్టుకున్నానో నన్ను నేను. ఆ మాట వేళాకోళానికి రాశాను. ఇక్కడ మాట్లాడే మనిషి లేక వేళాకోళం ఎక్కడ ఆపాలో మర్చిపోయాను. ఆ కిరసనాయిలు గుడ్డ నాకు రోజూ గుర్తొస్తోంది, నువ్వు గుర్తు చెయ్యక్కర్లేదు. కానీ చేశావు, సరే, పడతాను.

సెలవు అడిగాను. నా బదులు ఇక్కడ రీడింగులు రాసే మనిషి వస్తేనే కదలనిస్తారు. ఏప్రిల్ రెండో వారంలో అయిదు రోజులు ఇస్తామన్నారు. వస్తాను. వచ్చాక తిట్టు, ఎదురుగా కూర్చుని వింటాను. "ఆడపడుచు గారు" అని మాత్రం పిలవకు. ఎవరో అనుకుని వెనక్కి తిరిగి చూశాను.

పిట్ట


ఆగస్టు 14

పిట్టకి,

ఏప్రిల్‌లో నువ్వున్న అయిదు రోజులూ మీ అన్నయ్య నడిచిన నడక నిజమనుకున్నావా? నీ ముందు గొప్ప కోసం కర్ర బీరువా వెనక దాచారు. నువ్వు బస్సెక్కగానే "కర్ర ఏదే" అన్నారు.

జూన్ నుంచి డిపోకి వెళ్తున్నారు. బస్సు ఇవ్వలేదు, టైం కీపరు కుర్చీ ఇచ్చారు. గేటు పక్కన అద్దాల గది, బల్ల మీద పుస్తకం, వచ్చిన బస్సు ఎంత లేటో రాయడం. "ఇన్నేళ్ళూ లేటుగా వచ్చిన మనిషి చేత మన లేట్లు రాయిస్తున్నారు" అని డిపో అంతా ఒకటే నవ్వులట. పన్నెండేళ్ళు ఈయన బస్సులో టికెట్లు కొట్టిన కండక్టరు రోజూ మధ్యాహ్నం ఆ గదికి వచ్చి టీ తాగి వెళ్తాడు. "నిదానం గారు దిగిపోయాక బస్సు మరీ పరిగెడుతోందమ్మా, ముసలివాళ్ళు ఎక్కలేకపోతున్నారు" అని నాతో అన్నాడు. ఆ మాట ఈయనకి చెప్తే రెండు రోజులు హుషారుగా ఉన్నారు.

మడమ మానింది. తొడ మీది చర్మం అక్కడ కొత్త కోడలిలా బిక్కుబిక్కుమంటూ ఉంది గానీ, కుదురుకుంటోంది.

నెల నుంచి నడుం నొప్పి పట్టుకుంది. కూర్చుంటే నొప్పి, పడుకుంటే ఇంకా నొప్పి. మా వీధి చివర ఎముకల డాక్టరుకి చూపించాం. "ఎన్నేళ్ళు డ్రైవరుగా చేశారు?" అన్నాడు. ఇరవై తొమ్మిది అన్నారీయన. "అయితే ఇంకేం అడగక్కర్లేదు" అని బెల్టు రాసిచ్చాడు. కాలి సంగతి ఆయన అడగలేదు, మేమూ చెప్పలేదు.

కాన్సరు ఆసుపత్రికి జూన్‌లోనే వెళ్ళాలి. వెళ్ళలేదు. "మానిన కాలిని మళ్ళీ చూపించడం ఎందుకు" అన్నారు. నేనూ గట్టిగా అనలేదు. ఆ వరండాలో మళ్ళీ పొద్దస్తమానం కూర్చునే ఓపిక నాకే లేదు పిట్టా. ఇది నీకు తప్ప ఎవరికీ చెప్పను.

నీకేం తోస్తే అది రాయి.

వదిన


ఆగస్టు 27

వదినా,

నువ్వు అడిగావని గర్వంగా ఉంది, నా సలహా నువ్వు ఎప్పుడడిగావని!

నడుం నొప్పి డ్రైవర్ల జబ్బు. మా జీపు డ్రైవరు వయసు ముప్ఫై నాలుగు, దిగేటప్పుడు ముందు ఒక కాలు దింపి, కాసేపు ఆలోచించి రెండోది దింపుతాడు. అతన్ని పరుపు తీసేసి చెక్క బల్ల మీద పడుకోమన్నారట, నెలలో తగ్గిందట. అన్నయ్యని కూడా అలా పడుకోమను. వేడినీళ్ళ సంచి ఒకటి పంపుతున్నాను, నడుం కింద పెట్టుకోమను. పొద్దున్నే అరగంట నడిపించు. బద్ధకిస్తే నా పేరు చెప్పి తిట్టు.

మూడు నెలల పరీక్ష సంగతి మాత్రం చూడు. తొందరేం లేదు, ఈ నొప్పి తగ్గాక వెళ్ళండి. ఆ బెంచీల మీద కూర్చోవాలన్నా నడుం ఉండాలి కదా.

ఇక్కడ మూడు రోజులుగా మబ్బు దిగడం లేదు. రిజిస్టరులో "ఏమీ కనిపించుట లేదు" అని రాసి రాసి చెయ్యి పడిపోతోంది.

పిట్ట


అక్టోబరు 30

పిట్టకి,

ఆసుపత్రి వరండాలో కూర్చుని రాస్తున్నాను. చెప్పాల్సింది వరసగా చెప్తాను, మధ్యలో ఆపితే మళ్ళీ రాయలేను.

టైం కీపరు గదికి ఒక్కటే మెట్టు. జానెడు ఎత్తు. పదహారో తారీఖు మధ్యాహ్నం ఆ మెట్టు దిగుతుంటే ఆయన తొడ ఎముక విరిగింది. పడి విరగలేదు. విరిగి పడ్డారు. కండక్టరు పక్కనే ఉన్నాడు. ఎండు పుల్ల విరిచినట్టు చప్పుడు విన్నానని ఇప్పటికీ వచ్చినవాళ్ళందరికీ చెప్తున్నాడు.

ఎముకలన్నిటికీ స్కాను తీశారు. ఆ బొమ్మ నాకూ చూపించారు. వెన్నులో నాలుగు చోట్ల, తుంటిలో, పక్కటెముకల్లో, విరిగిన తొడలో నల్లటి చుక్కలు. అన్నీ ఆ మడమ మచ్చ పిల్లలే. తొడలో రాడ్డు వేశారు. కాన్సరు డాక్టరమ్మ మంచం దగ్గర కూర్చుని ఓపిగ్గా చెప్పింది.

"మడమ దగ్గర ఎక్కింది వెన్నులోకి ఏ రూట్లో వచ్చింది మేడమ్?" అని ఈయన అడిగారు.

"రక్తంలో కలిసి వచ్చింది."

"మధ్యలో స్టాపులేం లేవా?"

ఆవిడ ఒక నిమిషం ఆయన ముఖం చూసింది. "గజ్జల్లో ఒకటి ఉంది. అక్కడే అందర్నీ దించేశాం అనుకున్నాం. కొందరు అప్పటికే ముందు బస్సులో వెళ్ళిపోయినట్టున్నారు" అంది.

ఈయన తలూపారు. "అయితే ఇప్పుడు ఇది ఎముకల కాన్సరా?"

"కాదండీ. ఎముకల్లోకి వచ్చిన చర్మం కాన్సరే."

బయటికి వచ్చాక నాతో వేరే చెప్పింది. నయం కాదు. నొప్పి తగ్గించగలం, కొంత కాలం నెట్టగలం. ఎంత కాలం అంటే నెలలు అంది, అంకె చెప్పలేదు. నేను ఆయనకి చెప్పలేదు. నువ్వు కూడా ఉత్తరంలో అలాంటివేం రాయకు. ఇంటికొచ్చాక నీ ఉత్తరాలు ఆయన కూడా చదువుతారు.

నెలన్నర ఆయన్ని చెక్క బల్ల మీద పడుకోబెట్టాను. పొద్దున్నే అరగంట నడిపించాను. బద్ధకిస్తే నీ పేరు చెప్పి తిట్టాను కూడా.

వస్తావో రావో నీ ఇష్టం.

వదిన


నవంబరు 12

వదినా,

నీ ఉత్తరం అందింది. చాలా బాధ వేసింది. అన్నయ్య త్వరగా కోలుకోవాలి.

ఇప్పుడు సెలవు దొరికేలా లేదు. ఇది గాలివానల కాలం, మనిషి లేకుండా కేంద్రం వదలకూడదని రాశారు. కొంచెం ఆగి వస్తాను. కరెంటు పెడితే, అదే రేడియేషన్ ఇస్తే, ఎముకల నొప్పి తగ్గుతుందని ఇక్కడికి వచ్చిన ఒక ఆఫీసరు చెప్పారు. ఆ సంగతి డాక్టరమ్మని అడుగు. మంచి ఆహారం పెట్టు. నువ్వు కూడా ఆరోగ్యం చూసుకో.

అన్నయ్యకి నా నమస్కారాలు.

పిట్ట


డిసెంబరు 2

ఆడపడుచు గారికి,

మీ ఉత్తరం చదివాను. బ్యాంకు నుంచి వచ్చిందేమోనని రెండుసార్లు కవరు తిప్పి చూశాను.

నేను ఆరోగ్యం చూసుకోవాలన్నారు కదా, ఎలా చూసుకుంటున్నానో చెప్తాను. పొద్దున అయిదింటికి బెడ్ పాన్. తర్వాత ఒళ్ళు తుడవడం. దుప్పటి మార్చాలంటే ముందు ఆయన్ని ఒక పక్కకి తిప్పాలి. వెన్ను కదలకుండా దుంగలా తిప్పాలని నర్సు నేర్పింది. దుంగ అరవదు, ఈయన అరుస్తారు. అరవకూడదని పళ్ళు బిగిస్తారు, అది ఇంకా కష్టం. రెండు గంటలకోసారి తిప్పకపోతే పుళ్ళు పడతాయి. మార్ఫిన్ మాత్రలు వేస్తే నొప్పి తగ్గుతుంది, విరేచనం బిగుసుకుపోతుంది. దానికి వేరే మందు. అది పనిచేస్తే మళ్ళీ దుప్పటి. కరెంటు పది రోజులు పెట్టారు. పది రోజులూ వ్యాను, స్ట్రెచరు, గతుకుల రోడ్డు. కరెంటుకి నిజంగానే నొప్పి కాస్త నెమ్మదించింది, మీ ఆఫీసరు గారికి చెప్పండి.

మధ్యాహ్నం నాలుగు గంటలు పక్కింటావిడని కూర్చోబెట్టి దుకాణానికి వెళ్తున్నాను. మొన్న జోడు చేతిలో ఉండగానే నిద్రపోయాను. మర ఎక్కడో దొర్లిపోయింది. యజమానీ, జోడు కోసం వచ్చిన పెద్దాయనా ఇద్దరూ నేల మీద మోకాళ్ళ మీద పాకుతూ వెతుకుతుంటే మెలకువ వచ్చింది. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. రెండూ చేసే ఓపిక లేక స్టూలు మీదే కూర్చున్నాను.

మీ అన్నయ్య ఇన్నాళ్ళలో ఒక్కసారి కూడా "పిట్ట ఎప్పుడొస్తుంది" అని అడగలేదు. ఆయనకీ అర్థమైపోయింది కాబోలు. తోడబుట్టినదానివి, నీకు లేని బాధ నాకెందుకని ఇక నేనూ అడగను. సలహాలు చాలు. జవాబు రాయక్కర్లేదు.

వదిన


డిసెంబరు 11

వదినా,

రాయద్దన్నావు గానీ రాస్తాను. ఒట్టు పెట్టి ఒక మాట దాచాను, అది ఇవాళ్టితో తీసి గట్టున పెడుతున్నాను.

నవంబరులో నీ ఆసుపత్రి ఉత్తరం వచ్చిన జీపులోనే ఇంకో ఉత్తరం వచ్చింది. రాత కండక్టరుది, మాటలు అన్నయ్యవి. ఆసుపత్రిలో నువ్వు మందులు తేవడానికి వెళ్ళినప్పుడు చెప్పి రాయించాడట. ఉన్నదున్నట్టు ఎత్తి రాస్తున్నాను.

"పిట్టా, ఇప్పుడు నువ్వు రావద్దు. మీ వదిన ముందు నేను ఎలాగో బండి లాగిస్తున్నాను. నిన్ను చూస్తే ఏడుస్తాను. చిన్నప్పుడు దెబ్బ తగిలితే ఎవరికీ తెలియకుండా నీ దగ్గరికొచ్చి ఏడ్చేవాణ్ణి, ఆ అలవాటు పోలేదు. ఒకసారి మొదలైతే ఆపలేను. తర్వాత మీ వదిన ముందు ఏ ముఖం పెట్టుకోను? డాక్టరు ఆమెకి బయట ఏం చెప్పిందో నాకు తెలుసు. లోపలికి వచ్చి నా దుప్పటి మూడుసార్లు సర్దింది, అప్పుడే తెలిసింది. దాచగలిగానని అనుకుంటోంది, అనుకోనీ. కర్రతోనైనా నాలుగడుగులు వేసిన రోజున కబురు చేస్తాను, అప్పుడు రా. ఈ ఉత్తరం సంగతి ఆమెకి చెప్పకు. నా మీద ఒట్టు."

అందుకే రాలేదు. అందుకే ఆ ఉత్తరం బ్యాంకు ఉత్తరంలా రాశాను. వాక్యం కొంచెం పొడుగైతే అసలు సంగతి బయటపడుతుందని భయం. పైగా నువ్వేమో ఆయన చదువుతాడు జాగ్రత్త అన్నావు. నువ్వు ఆయనకి దాస్తున్నావు, ఆయన నీకు దాస్తున్నాడు, మధ్యలో నేను ఇద్దరికీ దాస్తున్నాను. కొండ మీద ఒక్కదాన్నీ కూర్చుని ఈ రెండు మూటలూ మోశాను వదినా. నీ మోత ముందు ఇదెంత, తెలుసు. అయినా బరువుగానే ఉంది.

చెక్క బల్ల సంగతి నువ్వు రెండోసారి ఎత్తలేదు. ఎత్తి తిట్టినా బాగుండేది.

నాలుగడుగులు వేసే రోజు రాదని నాకూ అర్థమైంది. పై గురువారం జీపులో దిగుతున్నాను. సెలవు ఇంకా ఇవ్వలేదు. రీడింగులు తీయడం వంటమనిషికి నేర్పాను. గాలి మరని చూసి "ఇదంతా రాయడానికి నీకు జీతమా" అన్నాడు. శుక్రవారం సాయంత్రానికి బస్టాండులో ఉంటాను. వద్దన్నా వస్తాను.

పిట్ట


డిసెంబరు 18

పిట్టా,

ఇది కండక్టరు చేత బస్టాండుకి పంపుతున్నాను. అక్కడే బెంచీ మీద కూర్చుని చదువుకుని, తర్వాత ఇంటికి రా.

నీ ఉత్తరం ఆయనకి చదివి వినిపించాను. చదవాలా వద్దా అని ఒక పూటంతా ఆలోచించాను. ఇంక ఆలోచించే ఓపిక లేక చదివేశాను. దుప్పటి మూడుసార్లు సర్దిన మాట రెండుసార్లు చదివాను. ఆయన గోడ వైపు చూస్తూ, "కండక్టరుకి చెప్పి పంపితే మొత్తానికి చేరాల్సిన చోటికే చేరుతుంది" అన్నారు.

"తెలిసి ఎందుకు ఊరుకున్నారు?" అన్నాను.

"నువ్వెందుకు ఊరుకున్నావు?"

"మీరు భయపడతారని."

"భయం ఎప్పుడో వేసేసింది. నీకు అలసటగా ఉందని ఊరుకున్నాను. నా భయం కూడా నీ నెత్తిన పెట్టడం ఎందుకని."

అప్పుడు ఏడ్చారు. నీ ముందు తప్ప ఏడవననుకున్న మనిషి నా ముందే ఏడ్చారు. ఏమీ కాలేదు పిట్టా. ఇల్లు కూలిపోలేదు. కాసేపటికి ముక్కు తుడవమన్నారు, తుడిచాను. "రమ్మను దాన్ని" అన్నారు.

ఇప్పుడు జాగ్రత్తగా విను. ఏప్రిల్‌లో చూసిన మనిషి కాదు. సగమయ్యారు. మంచం ముందు గదిలోకి మార్చాం. తలుపు తియ్యగానే ఎదురుగా కనిపిస్తారు, సిద్ధంగా ఉండు. పక్కన కూర్చునేటప్పుడు మంచం మీద కూర్చోకు, కుదుపు తగిలితే నొప్పి. కుర్చీ వేసి ఉంచాను. గట్టిగా పట్టుకోకు, పక్కటెముక ఒకటి దగ్గితేనే విరిగింది. అరచెయ్యి పట్టుకోవచ్చు. మాత్ర వేసిన గంట దాకా కొంచెం పిచ్చి మాటలు ఉంటాయి, నవ్వితే ఆయనకీ నవ్వొస్తుంది. ఏడుపొస్తే ఏడు. ఇక ఇక్కడ ఎవరూ దాచుకోవడం లేదు.

నా మాటలు మనసులో పెట్టుకోకు. పెట్టుకున్నా సరే, రా. నాకు రెండో మనిషి కావాలి. దుంగని తిప్పడానికి ఇద్దరుండాలి.

వదిన


ఫిబ్రవరి 26

వదినా,

పైకి వచ్చి పది రోజులైంది. ఉద్యోగం పోలేదు. వంటమనిషి రాసిన అంకెలు నా అంకెలకన్నా శుభ్రంగా ఉన్నాయి. రెండు నెలల రిజిస్టరు తిరగేశాను. అన్నయ్య ప్రాణం పోయిన మంగళవారం ఇక్కడ ఎండ కాసింది, గాలి లేదు, వాన సున్నా.

డాక్టరమ్మ చెప్పింది కదా, తోడబుట్టినదాన్ని కనక నేను కూడా ఒళ్ళు చూపించుకోవాలని. వచ్చేటప్పుడు కింద చర్మం డాక్టరుకి చూపించుకున్నాను. అరికాళ్ళు, గోళ్ళు, వీపు అన్నీ చూశాడు. కాయలు తప్ప ఏం లేవన్నాడు. ఇక ఏడాదికోసారి చూపించుకుంటాను, ఎగ్గొట్టను.

ఈ ఉత్తరం దానికోసం కాదు.

ఆ మంగళవారం మధ్యాహ్నం నువ్వు మాత్రల కోసం మందుల షాపుకి వెళ్ళావు. ఇరవై నిమిషాలు. తిరిగొచ్చి గుమ్మంలోనే నా ముఖం చూసి, చేతిలో పొట్లం కింద పెట్టకుండానే "ఏమన్నారు?" అని అడిగావు. "నిన్నడిగాడు, వదిన ఏదీ అన్నాడు" అన్నాను.

అనలేదు వదినా. ఏమీ అనలేదు. నువ్వు వెళ్ళేటప్పుడు ఎలా పడుకున్నాడో అలాగే ఉన్నాడు. ఊపిరి ఒకటి తీసుకున్నాడు, తర్వాత చాలాసేపు లేదు, ఇంకొకటి తీసుకున్నాడు. దాని తర్వాత మూడోదాని కోసం చెయ్యి పట్టుకుని చూస్తూ కూర్చున్నాను. రాలేదు. నొప్పి లేదు, మెలకువ లేదు. ముఖం మామూలుగా ఉంది.

ఇన్ని నెలలు అన్నీ చేసి, ఆ ఇరవై నిమిషాలు నువ్వు లేకపోవడం నేనే తట్టుకోలేకపోయాను. చేతికందిన మాట ఇచ్చేశాను. దాచడాలు అయిపోయాయని నువ్వు రాసిన తర్వాత కూడా మళ్ళీ ఒకటి దాచాను. కోప్పడు.

పిట్ట


మార్చి 14

పిట్టకి,

కోపం లేదు. ఆయన ఏమీ అనలేదని నాకు అప్పుడే తెలుసు. ఇరవై రెండేళ్ళలో నేను బయటికి వెళ్తే "ఎప్పుడొస్తావు" అని ఒక్కసారి అడగని మనిషి, ఆ రోజు కొత్తగా అడుగుతారా? నీ ముఖం చూసి నమ్మినట్టు ఊరుకున్నాను. నీకూ ఒక ఆసరా కావాలనిపించింది. ఇప్పుడు రాశావు, మంచి పని చేశావు. నిద్రలో పోయారు, నొప్పి లేదు. నాకు అదే కావాలి. మాటలు ఆయన దగ్గర ఎప్పుడూ తక్కువే.

దుకాణానికి వెళ్తున్నాను. మొన్న లారీ డ్రైవరు ఒకాయన దగ్గరి చూపు జోడు కోసం వచ్చాడు. కాలు కొంచెం ఎత్తెత్తి వేస్తున్నాడు. జోడు అమర్చి, "బూట్లు విప్పండి" అన్నాను. "జోడు కళ్ళకి కదమ్మా" అన్నాడు. "తెలుసు. విప్పండి." విప్పాడు. ఉత్త ఆనెకాయ. "ఇది ఆనెకాయ. నల్లగా మారితే, రక్తం వస్తే ఆ రోజే చర్మం డాక్టరుకి చూపించండి, దెబ్బ అనుకోవద్దు" అని చెప్పాను. ఆయన భయపడి రెండో కాలు కూడా చూపించాడు. యజమాని అంతా చూశాడు. సాయంత్రం లోపలికి పిలిచి, "నెల రోజులు ఇంటి దగ్గర ఉండండమ్మా, స్టూలు ఎక్కడికీ పోదు" అన్నాడు.

ఇంటి దగ్గర ఉండటమే కష్టంగా ఉంది. ముందు గది ఖాళీ అయింది. గాలి పరుపు ఆసుపత్రికి ఇచ్చేశాను. ఏ పనీ లేదు, అయినా కాళ్ళు నిలవడం లేదు. నిద్ర పట్టినా రెండు గంటలకోసారి మెలకువ వస్తోంది. ఆయన్ని తిప్పే వేళ కదా. చేతులు వాటంతటవే లేస్తున్నాయి. లేచాక, అక్కర్లేదని నేను వాటికి చెప్పాలి.

అందుకని నీ దగ్గరికి వస్తున్నాను. పై సోమవారం జీపులో నాకు చోటు ఉంచమని చెప్పు. కొండ చూడటానికి రావడం లేదు. కబుర్లు చెప్పుకోవడానికి కూడా కాదు, కబుర్లు తర్వాత. మంచం ఒకటి గోడ వారగా వేసి ఉంచు. వంట ఎవరైనా చెయ్యండి, నేను చెయ్యను. తిన్నానా లేదా అని అడగద్దు. పొద్దెక్కినా, జీపు వచ్చినా, గాలివాన వచ్చినా నన్ను లేపకు.

నేనే లేస్తాను.

వదిన